పాత బండికి ఏ పూత?

పాత మోటారు సైకిలు ఒకటి మా షెడ్డు ముందు ఆగిందంటే ఇంజను సంగతి తర్వాత, ముందు రంగు సంగతి వస్తుంది. "పౌడర్ కోటింగ్ చేయించాలా, పెయింట్ వేయించాలా?" అని అడుగుతారు. పౌడర్ అయితే జీవితాంతం ఉంటుందని పట్నంలో ఎవరో చెప్పి ఉంటారు. పాత బండికి పెయింటే అందమని ఇంకెవరో చెప్పి ఉంటారు. రెండూ విని మా దగ్గరికి వస్తారు. మేము వెంటనే జవాబు చెప్పం. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ బండి ఎక్కడ తిరుగుతుంది? దెబ్బ తగిలితే ఎవరు బాగుచేస్తారు?" అని అడుగుతాం. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ పూత వేయాలో చాలావరకు తేలిపోతుంది. చదువుకునే మన పిల్లలకూ, వాళ్ళకు చదువు చెప్పే మాస్టార్లకూ ఇది పనికొచ్చే సంగతి అనిపించి రాస్తున్నాం.

మేము ముగ్గురం. ఇద్దరం అన్నదమ్ములం, ఒకడు మా బావ. పాడేరు మన్యంలో, వారం వారం సంత జరిగే ఒక ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకొని మెకానిక్ పని చేస్తున్నాం. మాలో ఒకడు ఐటీఐలో ఫిట్టర్ చదివాడు. ఒకడు విశాఖలో పెయింటింగ్ షెడ్డులో నాలుగేళ్ళు పనిచేసి స్ప్రే గన్ను పట్టడం నేర్చుకున్నాడు. మూడోవాడు పదో తరగతి దగ్గర ఆగిపోయి, పని చేస్తూ పని నేర్చుకున్నాడు. మా దగ్గర కంప్రెసర్ ఉంది, గన్ను ఉంది, వెల్డింగ్ సెట్టు ఉంది. పౌడర్ కోటింగుకు కావలసిన పొయ్యి లేదు. అది కావాలంటే ఘాటు దిగి, మాడుగుల, చోడవరం దాటి విశాఖ వెళ్ళాలి. వంద కిలోమీటర్ల పైమాటే.

ఈ మధ్య మా చేతికి వచ్చిన బండ్లలో మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది మా మాస్టారి రాజ్‌దూత్. రాజ్‌దూత్ 175 అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ 1960లలో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టిన బండి అది. 173 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. వేగం పెద్దగా ఉండదు కానీ రాయీ రప్పా అని చూసుకోదు. పాలవాళ్ళు, ఊళ్ళు తిరిగే చిన్న ఉద్యోగులు ఇష్టంగా వాడిన బండి.

మా మాస్టారు మా తెగవారే. మా చుట్టుపక్కల గూడేల్లో చదువుకొని సర్కారు ఉద్యోగంలో చేరిన తొలి తరం మనిషి. ఆయన బండి 1974 నాటిది. 1981లో సెకండ్ హ్యాండులో కొన్నారు. పలకలు, పుస్తకాల కట్టలు, హాస్టలు బియ్యం, జ్వరం మాత్రలు అన్నీ దాని మీదే గూడేలకు వచ్చేవి. పురిటి నొప్పుల తల్లిని డోలీలో దారిదాకా మోసుకొస్తే, అక్కడినుంచి ఆ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజులు ఉన్నాయని మా అమ్మ చెప్పేది. దాని టూల్ బాక్సు మూత మీద తెల్ల పెయింటుతో 'బడి బండి' అని రాసి ఉంటుంది. మాస్టారి దగ్గర చదువుకున్న ఒక పిల్లాడు రాశాడు. అక్షరాలు వంకర. 'డ' మీద గుడి పెద్దదైపోయి పక్క అక్షరాన్ని తాకుతుంది. ఆ పిల్లాడు ఇరవై ఏళ్ళు నిండకుండానే జ్వరంతో పోయాడు. అతని చేతిరాత ఇంకెక్కడా లేదు.

పదేళ్ళుగా పశువుల పాకలో పడి ఉన్న ఆ బండిని మాస్టారి కొడుకు మా దగ్గరికి ట్రాలీ ఆటోలో ఎక్కించి తెచ్చాడు. విశాఖలో ఉద్యోగం, మాకు అన్న వరస. "మొత్తం విప్పేసి పౌడర్ కొట్టించేయండిరా. ఖర్చు నేను పెట్టుకుంటాను. నాన్న మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేకుండా ఉండాలి" అన్నాడు. వెనకే వచ్చిన మాస్టారు, "నాకు మెరుపు అక్కర్లేదు నాయనా. ఇటుకల పండగకు దాని మీద మన గూడేలన్నీ ఒకసారి తిరగాలి. అంతే" అన్నారు. కొడుకు మాటలో ప్రేమ ఉంది, తండ్రి మాటలో అవసరం ఉంది. రెండింటికీ సరిపోయే పని మేము చేయాలి.

ఆ పనికి ముందు పౌడర్ అంటే ఏమిటో తెలియాలి. పౌడర్ కోటింగ్ పెద్ద మాయ కాదు. ప్లాస్టిక్ జాతి పదార్థాన్ని, రంగును కలిపి మెత్తటి పొడి చేస్తారు. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని ఎలా లాగుతుందో బడిలో చూశాం కదా. ఇక్కడ జరిగేదీ అదే. గన్నులోంచి వచ్చే పొడికి 60 నుంచి 100 కిలోవోల్టుల దాకా విద్యుత్ ఆవేశం పెడతారు. ఇనప సామానుకు ఎర్త్ ఇస్తారు. పొడి ఎగిరి వచ్చి ఇనుముకు అంటుకుంటుంది. అప్పుడు ఆ సామానును పొయ్యిలో పెట్టి, ఇనుము వేడి 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక పది, పదిహేను నిమిషాలు ఉంచుతారు. పొడి కరిగి, పారి, గట్టి పొరగా మారుతుంది. ఆ పొర మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం. థిన్నర్ వాసన ఉండదు, రంగు కారదు. కింద రాలిన పొడిని చాలావరకు మళ్ళీ వాడుకోవచ్చు.

పొడి రంగును వేడితో కరిగించి అంటించడం మన ప్రాంతానికి కొత్త కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచె లేదు, థిన్నర్ లేదు. లక్క అడవి సరుకు, చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే పదార్థం. ఇంగ్లీషువాళ్ళు ఒక రకం పెయింటును లాకర్ అంటారు. ఆ మాట కూడా మన దేశపు 'లాఖ్' నుంచి పోయిందే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కకూ పౌడరుకూ ఒక పెద్ద తేడా ఉంది. బొమ్మ మీద లక్క గీసుకుపోతే మళ్ళీ వేడి తగిలించి సరిచేయవచ్చు. పౌడర్ ఒకసారి పొయ్యిలో కాలాక మళ్ళీ కరగదు. అట్టు పోసిన పిండి మళ్ళీ పిండి కాదు కదా, అదీ అంతే. దాని బలమూ అందులోనే ఉంది, దాని బలహీనతా అందులోనే ఉంది.

బలం ముందు చెప్పాలి. ఛాసిస్, వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, సెంటర్ స్టాండు, సైడ్ స్టాండు, వెనక క్యారియర్, వీటికి రాళ్ళు తగులుతాయి, బూట్లు రాసుకుంటాయి, బురద పట్టి వారాల తరబడి ఉంటుంది. అలాంటి చోట పౌడర్ పొర మామూలు పెయింటు కన్నా గట్టిగా నిలుస్తుంది. పెట్రోలు చుక్కలకు, ఆయిలుకు, చైన్ గ్రీజుకు త్వరగా లొంగదు. గొట్టాలు, మూలలు ఎక్కువ ఉన్న ఛాసిస్‌కు చేత్తో నాలుగు పూతలు వేసి, ఒక్కో పూతను రుద్ది మళ్ళీ వేయడం కన్నా పౌడర్‌తో పని త్వరగా తెములుతుంది.

అయితే పౌడర్ కింద ఏముందన్నది దాని మీద ఏముందన్న దానికన్నా ముఖ్యం. ఇదివరకు ఒక బుల్లెట్ మా దగ్గరికి వచ్చింది. మైదానంలో ఒక షాపులో పౌడర్ చేయించి ఏడాదిన్నర అయింది. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. ఒకచోట చిన్న పెచ్చు లేచి ఉంటే గోటితో లాగాం. ఉడికిన చిలగడదుంప తొక్కలాగా జానెడు పొర ఊడొచ్చింది. కింద అంతా ఎర్రటి తుప్పు. తుప్పును పూర్తిగా తీయకుండా మీద పొడి కొట్టేశారు. పెయింటయితే తుప్పు పొక్కులుగా బయటపడి ముందే చెబుతుంది. పౌడర్ గట్టి పొర కాబట్టి లోపల రోగాన్ని చాలా రోజులు దాచిపెడుతుంది. ఆ బండి ఛాసిస్ నంబరు మీద కూడా మందంగా కొట్టారు. అంకెలు పూడిపోయాయి. ఆ బండిని అమ్ముకునేటప్పుడు ఆఫీసులో నంబరు కనిపించక ఆ మనిషి మూడుసార్లు తిరిగాడు. కొండ మీదనుంచి దిగి ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరగడమంటే ఎన్ని రోజుల కూలి పోతుందో మన వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మాస్టారి బండి ట్యాంకు దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆ ట్యాంకు అడుగున ఎప్పుడో కారితే సంతలో గిన్నెలకు మాట్లు వేసే మనిషి చేత టంకం పెట్టించారు. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. పౌడర్ పొయ్యి వేడి అంతకన్నా ఎక్కువ. పొయ్యిలో పెడితే మాటు ఊడిపోతుంది. సొట్టలు పూడ్చే మామూలు పుట్టీ కూడా ఆ వేడికి నిలవదు, పొంగి పగులుతుంది. ఆ వేడిని తట్టుకునే పుట్టీలు వేరే ఉన్నాయి గానీ అందరి దగ్గరా దొరకవు. పైగా ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఏ మాత్రం మిగిలి ఉన్నా పొయ్యిలో పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. ట్యాంకు పైకి ఖాళీగా కనబడినంత మాత్రాన లోపల ఖాళీ అయినట్టు కాదు.

ఇక పెయింటు సంగతి. పెయింటు ఓపిక అడుగుతుంది. పాత రంగు తీయాలి, తుప్పు తీయాలి, ప్రైమర్ కొట్టాలి, సొట్టలకు పలుచగా పుట్టీ పెట్టాలి, వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ రుద్దాలి. 220 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 800 దాకా వెళ్ళాలి. ఆ తర్వాతే రంగు, దాని మీద క్లియర్ కోటు. వేలితో తడిమితే తెలిసే తప్పు కంటికి కనబడదు. మా బావ కళ్ళు మూసుకొని ట్యాంకు మీద చెయ్యి తిప్పి, ఇంకా ఎక్కడ రుద్దాలో చెబుతాడు.

పెయింటుల్లోనూ తేడాలున్నాయి. ఎన్‌సీ పెయింటు త్వరగా ఆరుతుంది, తప్పు వస్తే సులువుగా రుద్ది మళ్ళీ కొట్టవచ్చు. కానీ పెట్రోలు ఒలికితే మరకపడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన తెల్లటి మబ్బులా పట్టేస్తుంది. మన మన్యంలో వానాకాలమంతా అదే గొడవ. హార్డనర్ కలిపే పీయూ పెయింటు పెట్రోలుకు తట్టుకుంటుంది, మెరుపు నిలుస్తుంది. కానీ ఆ హార్డనర్‌లో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఒకసారి ఆ ఉబ్బసం పట్టుకుంటే ఆ తర్వాత కొద్దిపాటి వాసనకే ఊపిరి ఆడదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే అది ఆగదు. సరైన మాస్కు కావాలి, గాలి ఆడే చోటు కావాలి. ఈ మాట మళ్ళీ చెబుతాం.

బండి పనిలో ఉండగా మాస్టారి కొడుకు ఇంకో మాట తెచ్చాడు. బండికి యాభై ఏళ్ళు నిండాయి కాబట్టి వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామన్నాడు. 2021 జూలైలో కేంద్రం దీనికి నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు జరగని బండ్లకు నంబరులో 'వీఏ' అక్షరాలతో రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు. కానీ అలాంటి బండిని రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, అలాంటి వాటికే తీయాలి. ఇది విన్న మాస్టారు నవ్వి, "నాకు బండి కావాలి గానీ బొమ్మ ఎందుకురా" అన్నారు. మామూలు ఆర్సీనే కొనసాగించాలనుకున్నాం. ఆర్సీలో ఉన్న రంగునే మళ్ళీ వేయాలని కూడా అప్పుడే అనుకున్నాం. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి.

మా ఇళ్ళ గోడల గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. పండగ వస్తుందంటే మా ఆడవాళ్ళు ఎర్రమట్టి తెచ్చి గోడలు అలుకుతారు. గోడ పెచ్చులూడితే అక్కడికక్కడ మట్టి మెత్తి మళ్ళీ అలుకుతారు. ఆ పూత ఏడాదికి మించి ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. సిమెంటు గోడకు పట్నం రంగులు వేసిన ఇళ్ళూ మా గూడెంలో ఇప్పుడు ఉన్నాయి. ఆ రంగు పెచ్చులూడితే మళ్ళీ డబ్బు చేతికి వచ్చేదాకా అలాగే ఉంటాయి. సిమెంటు చెడ్డదని మేము అనడం లేదు. మా ఇళ్ళకూ సిమెంటు వేసుకున్నాం, వాన కారడం తగ్గింది. కానీ ఎక్కడ గట్టిది కావాలి, ఎక్కడ మన చేత్తో మళ్ళీ చేసుకోగలిగేది కావాలి అన్నది తేల్చుకోవడంలోనే తెలివి ఉంది. మాస్టారి బండికి మేము చూసిన దారి కూడా అదే.

బండి మొత్తం విప్పి సామాన్లు మూడు కుప్పలుగా పెట్టాం.

మొదటి కుప్ప పౌడర్‌కు. ఛాసిస్, వెనక ఫోర్కు, రెండు స్టాండ్లు, ఫుట్‌రెస్టులు, క్యారియర్. వీటిని జీపు మీద కట్టుకొని విశాఖ ఆటోనగర్‌కు తీసుకెళ్ళాం. వెళ్ళేముందు బేరింగ్ కప్పులు, రబ్బరు బుష్షులు అన్నీ తీసేశాం. ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళి, షాపువాళ్ళను ఒక్కొక్కటీ అడిగాం. తుప్పు పూర్తిగా తీశాకే పొడి కొడతారా? ఆసిడ్ తొట్టిలో ముంచితే గొట్టాల లోపల ఆసిడ్ మిగలకుండా కడుగుతారా? ఛాసిస్ నంబరు మీద, మరలున్న చోట, బేరింగ్ కూర్చునే చోట వేడికి తట్టుకునే టేపు, సిలికాన్ బిరడాలు పెడతారా? పొడి పాలియెస్టరా, ఎపాక్సీయా? ఎపాక్సీ పొడి తుప్పుకు బాగా ఆగుతుంది గానీ ఎండకు వెలిసి సుద్దలా రాలుతుంది, బయట తిరిగే బండికి పైపూతగా పనికిరాదు. మొదటి షాపులో ఈ ప్రశ్నలకు విసుక్కున్నారు. రెండో షాపులో కూర్చోబెట్టి తొట్లన్నీ చూపించారు. పని అక్కడ ఇచ్చాం. మన పిల్లలు పట్నం షాపులో ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. తెలిసి అడిగితే తెలిసినవాడు గౌరవిస్తాడు, తెలియనివాడే విసుక్కుంటాడు.

ఛాసిస్ తిరిగి వచ్చాక మా పని ఇంకొంత ఉంది. నంబరు పలక మీద టేపు తీసి, అంకెలు పూడకుండా పలుచగా ప్రైమర్, నల్ల పెయింటు చేత్తో వేశాం. బండిలో కరెంటు తిరిగి వచ్చే దారి ఛాసిసే. పౌడర్ పొర కరెంటును పోనివ్వదు. అందుకని ఎర్త్ వైరు బిగించే చోట పొరను గీకి ఇనుము తేల్చాం. లేకపోతే లైటు మినుకుమంటుంది, హారన్ మూగపోతుంది. ఇంజను బోల్టుల కింద మందపు పొర ఉంటే అది నలిగి బోల్టు వదులవుతుంది. అక్కడా గీకి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాం.

రెండో కుప్ప పెయింటుకు. ట్యాంకు, రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైటు డోము, సైడు బాక్సులు. ట్యాంకును సబ్బునీళ్ళతో పదే పదే కడిగి, ఎండలో రోజుల తరబడి ఆరబెట్టాం. పాత రంగును పొడిగా రుద్దలేదు, నీళ్ళు పోస్తూ రుద్దాం. ఆ కాలపు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పీల్చకూడదు. ఇసుక గాలితో కొట్టించలేదు. ఆ పలుచటి రేకు వంకర పోతుంది. అసలు రంగు ఏదో తెలియడానికి ట్యాంకు అడుగున రబ్బరు ఆనే చోట చూశాం. ఎండ తగలని ఆ చోట ముదురు ఎరుపు యాభై ఏళ్ళుగా అలాగే ఉంది. ఆ ముక్క చూపించి రంగు కలిపించాం. ఫిబ్రవరిలో, పొద్దున మంచు విడిచి ఎండ ముదిరాక గన్ను పట్టాం. పీయూ పెయింటే కొట్టాం. సరైన మాస్కు కొనుక్కున్నాం. ఆ డబ్బును రంగు డబ్బా ఖర్చుతో కలిపే లెక్క రాశాం. మాస్కు కూడా సరుకే.

మూడో కుప్పలో ఒక్కటే సామాను. టూల్ బాక్సు మూత. దానికి పౌడరూ వద్దు, పెయింటూ వద్దు అనుకున్నాం. మెత్తటి గుడ్డతో కొద్దిపాటి సబ్బునీళ్ళు పెట్టి మట్టి తీశాం. మూత లోపలి వైపు తుప్పును ఆపాం. పైన మైనం పూత పూశాం. 'బడి బండి' అక్షరాలు వంకరగానే ఉన్నాయి. మాస్టారి కొడుకు మొదట ఒప్పుకోలేదు. "అంత కొత్త బండికి అంత పాత మూతా?" అన్నాడు. కంప్యూటర్‌లో అవే అక్షరాలు స్టిక్కర్ కొట్టిస్తానన్నాడు. మాస్టారు మూతను చేతిలోకి తీసుకొని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "వీడు నా దగ్గర అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు వీణ్ణి నేను దిద్దలేను" అన్నారు. అన్న ఇంకేం మాట్లాడలేదు.

పండగకు బండి తిరిగింది. రెండో వారంలోనే ఒక గూడెం దారిలో వెదురు గీసుకొని ముందు మడ్‌గార్డు మీద బెత్తెడు గీత పడింది. మాస్టారు షెడ్డుకు తెచ్చారు. రుద్ది, మిగిల్చి ఉంచిన రంగు కొట్టి, పాలిష్ చేసి మర్నాటికి ఇచ్చేశాం. అదే మడ్‌గార్డు పౌడర్ అయి ఉంటే గీత పడిన చోట పౌడరుతోనే అతుకు వేయలేం. పైన పెయింటు పులిమితే రంగు తేడా తెలుస్తుంది. సరిగ్గా చేయాలంటే మళ్ళీ ఘాటు దిగాలి, పొర మొత్తం తీయించాలి, మళ్ళీ పొయ్యిలో పెట్టాలి. ఆ పొరను తీయడం వేయడం కన్నా కష్టం. అందుకే దెబ్బలు ఓర్చుకోవలసిన చోట పౌడర్ పెట్టాం, దెబ్బ తగిలితే కంటికి కనబడే చోట మా చేతికి అందే పెయింటు పెట్టాం.

డబ్బు లెక్క కూడా దాచుకోనక్కర్లేదు. మొత్తం పౌడర్ అయితే మాకు బండి విప్పి బిగించిన కూలి మాత్రమే మిగిలేది, మిగతా డబ్బంతా ఘాటు దిగిపోయేది. ఇలా చేస్తే గట్టి పని పట్నానికి పోయింది, చేతి పని మా షెడ్డులో ఉంది. అలాగని కేవలం మా కూలి కోసం పెయింటు మంచిదని చెప్పం. ఛాసిస్‌కు కూడా పెయింటే వేస్తామంటే మాకు ఇంకా కూలి వచ్చేది. కానీ అది బండికి మంచిది కాదు. పని నేర్చినవాడు తన లాభం కన్నా ఆ వస్తువు బాగు ముందు చూడాలి. అలా చూస్తేనే మళ్ళీ మన గడప తొక్కుతారు.

ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్ళకు కొన్ని మాటలు. చేతి పనికి ఇంకా విలువ ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి పెద్ద కంపెనీ కూడా ట్యాంకు మీద బంగారు గీతలను చెన్నైలో మనుషుల చేత చేత్తో గీయిస్తూ వచ్చింది. పొయ్యి, మెషిను ఎన్ని వచ్చినా ఆ గీతకు చెయ్యే కావాలి. కానీ ఆ చెయ్యి బతకాలంటే ఊపిరి బాగుండాలి. పట్నం షెడ్డుల్లో మన పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది ఇసుక కొట్టే పని, రంగు కొట్టే పని. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. పీయూ హార్డనర్ సంగతి ముందే చెప్పాం. మాస్కు ఇవ్వని షెడ్డులో ఎక్కువ కూలి ఇస్తామన్నా చేరవద్దు.

మాస్టార్లకు ఒక విన్నపం. మీ పాఠాల్లో ఉన్నవే ఈ పనిలోనూ ఉన్నాయి. స్థిర విద్యుత్తు చెప్పేటప్పుడు దువ్వెనతో ఆపకండి, పౌడర్ గన్ను గురించి చెప్పండి. తుప్పు పాఠం చెప్పేటప్పుడు మూడు మేకులు తీసుకొని ఒకటి ఉత్తిగా, ఒకటి నూనె రాసి, ఒకటి పెయింటు వేసి నెల రోజులు తడిలో పెట్టించండి. పెయింటు వేసినదాని మీద ఒక గీత గీసి, తుప్పు ఆ గీత కిందికి ఎలా పాకుతుందో చూపించండి. కరిగి మళ్ళీ కరిగే లక్కకూ, ఒకసారే కరిగే పొడికీ తేడా అడగండి. మా షెడ్డు లాంటివి ప్రతి మండలంలో ఉన్నాయి. పిల్లల్ని ఒక పూట తీసుకురండి. చదువు ఆగిపోయినవాడు చేసే పనిలో కూడా చదువు ఉందని వాళ్ళు చూస్తే, చదువుకునేవాడికి పని మీద, పని చేసేవాడికి చదువు మీద చిన్నచూపు పోతుంది.

పాత బండి తెచ్చుకునే ప్రతివారికీ మేము చెప్పేది ఇదే. దెబ్బ ఎక్కడ ఎక్కువ తగులుతుందో అక్కడ గట్టి పూత పెట్టండి. మళ్ళీ బాగుచేయాల్సిన చోట మన చేతికి అందే పూత పెట్టండి. ఎవరి చేతి గుర్తయినా ఉన్న చోట ఒకసారి ఆగి ఆలోచించండి. అక్కడ ఏ పూతా వేయకపోవడమే మంచిది కావచ్చు. ఆ మూడూ తేలాక రంగు డబ్బా మూత తీయండి.